అనుకోకుండా నెల తప్పితే: రోజుల లెక్క నుంచి నిర్ణయం దాకా ఏది ముందు, ఏది తర్వాత

నెల తప్పిందని అనుమానం రాగానే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. మందుల షాపుకి ఎవర్నో పంపి గర్భస్రావం మాత్రల "కిట్టు" తెప్పిస్తారు, అదే రాత్రి మింగేస్తారు. ఎన్నో వారమో తెలీదు, గర్భం ఎక్కడుందో తెలీదు, ఒంట్లో రక్తం ఎంతుందో తెలీదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి మమ్మల్ని అడిగేవాళ్లలో సగం మంది ఆ మాత్ర వేసుకున్నాకే అడుగుతున్నారు. అందుకే వేసుకోకముందే చదివేందుకు వీలుగా, పని జరగాల్సిన వరసలో ఇది రాస్తున్నాం.

ఉంచుకోవాలా, తీయించుకోవాలా అన్నది మేం చెప్పం. ఆ నిర్ణయం మీది. అది తీసుకోవడానికి ఏం తెలిసి ఉండాలో మాత్రం పూర్తిగా చెబుతాం.

## 1. ముందు పరీక్ష

రావాల్సిన తేదీ దాటిన మరుసటి రోజు నుంచే మూత్రపరీక్ష చేసుకోవచ్చు. ఈ పరీక్ష కిట్టు మందుల షాపులో వంద రూపాయల లోపే దొరుకుతుంది. ఆశా కార్యకర్తల దగ్గర "నిశ్చయ్" అనే కిట్టు ఉచితం. ఊళ్లో ఆశా మీకు వరసకు వదినో పిన్నో అయి, విషయం బయటకు పొక్కుతుందని భయముంటే పక్క టౌన్లో కొనుక్కోండి. అందులో తప్పేమీ లేదు.

- తెల్లవారి లేచాక మొదటిసారి పోసే మూత్రం శుభ్రమైన, సబ్బు లేని గిన్నెలో పట్టండి.
- కిట్టులోని డ్రాపర్‌తో గుంటలో మూడు చుక్కలు వేయండి. ఎక్కువ పోస్తే గీతలు అలుక్కుపోతాయి.
- ఐదు నిమిషాలు ఆగి చూడండి. గంట తర్వాత కనబడే గీతను లెక్కలోకి తీసుకోకండి.
- సి దగ్గర ఒక్క గీతే వస్తే గర్భం లేనట్టు. సి, టి రెండు చోట్లా వస్తే ఉన్నట్టు. టి దగ్గర గీత ఎంత పలచగా ఉన్నా ఉన్నట్టే.
- సి దగ్గర అసలు గీతే రాకపోతే కిట్టు చెడింది. ఇంకొకటి వాడండి.

లేదని వచ్చినా నెలసరి రాకపోతే వారం తర్వాత మళ్లీ చేయండి. ఒక్కసారి చూసి వదిలేసి, మూడో నెలలో కంగారుపడేవాళ్లు చాలామంది ఉన్నారు.

కలిసి మూడు రోజులు కూడా దాటలేదా? అయితే మీది ఇంకా ఈ దశ కాదు. 72 గంటల లోపు అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవచ్చు. ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు. అయిదు రోజుల లోపు డాక్టర్ దగ్గర కాపర్-టి వేయించుకున్నా పనిచేస్తుంది. అప్పటికే నిలిచిన గర్భాన్ని ఈ మాత్ర తీసేయదు.

## 2. వారాల లెక్క

ఇక్కడ తప్పితే ఆ తర్వాత ప్రతిదీ తప్పుతుంది.

గర్భం వయసును కలిసిన రోజు నుంచో, నెల తప్పిన రోజు నుంచో లెక్కపెట్టరు. చివరిసారి బహిష్టు అయిన మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. "నెల తప్పి పది రోజులేగా, పది రోజుల కడుపు" అనుకుంటాం. 28 రోజులకోసారి వచ్చేవాళ్లకు అప్పటికే 38 రోజులు, అంటే అయిదు వారాల మూడు రోజులు.

ఉదాహరణకు చివరి నెలసరి మొదటి రోజు మార్చి 3 అనుకుందాం.

- ఏప్రిల్ 14కి 6 వారాలు.
- మే 5కి 9 వారాలు. మాత్రలతో గర్భస్రావానికి చట్టం ఇచ్చిన గడువు ఇంతవరకే.
- మే 26కి 12 వారాలు. వాక్యూమ్‌తో (సిరంజితో గర్భసంచి ఖాళీ చేసే పద్ధతి) తేలిగ్గా చేసే దశ దాదాపు ఇక్కడితో అయిపోతుంది.
- జులై 21కి 20 వారాలు. ఒక్క డాక్టర్ అభిప్రాయం ఇక్కడి దాకానే సరిపోతుంది.
- ఆగస్టు 18కి 24 వారాలు. ఇది దాటితే శిశువుకు తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చినప్పుడు అనుమతిస్తారు.
- ఉంచుకుంటే కాన్పు డిసెంబరు రెండో వారంలో.

మీ తేదీ తీసుకుని ఇలాగే క్యాలెండర్ మీద 42, 63, 84, 140, 168 రోజులు గుర్తు పెట్టుకోండి. తేదీ గుర్తులేకపోతే పండగో, పెళ్లో, జీతం రోజో ఆసరాగా దగ్గరి తేదీ పట్టుకోండి. ఖచ్చితంగా స్కానింగ్ చెబుతుంది.

పాలిచ్చే తల్లులు, మూడు నెలల సూది వాడి మానేసినవాళ్లు, నెలసరి సక్రమంగా రానివాళ్లు సొంత లెక్కను నమ్ముకోవద్దు. కాన్పయ్యాక నెలసరి తిరిగి మొదలు కాకుండానే మళ్లీ గర్భం రావచ్చు. ఇలాంటివాళ్లు పరీక్ష అవ్వగానే స్కానింగ్‌కి వెళ్లాలి.

## 3. డాక్టర్ దగ్గరికి: ఏ నిర్ణయానికైనా ఈ మెట్టు తప్పదు

నెల్లూరు వైపు వాళ్లకు దర్గామిట్టలోని పెద్దాసుపత్రి, ఒంగోలు వైపు వాళ్లకు రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. కావలి, కందుకూరు, మార్కాపురం ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ కాన్పుల విభాగాలున్నాయి. గిద్దలూరు, యర్రగొండపాలెం నుంచి ఒంగోలు చేరడానికి బస్సులో మూడు గంటల పైనే పడుతుంది కాబట్టి, ముందు దగ్గరి పెద్ద ఆసుపత్రిలో ఏయే రోజుల్లో లేడీ డాక్టర్ ఉంటారో కనుక్కుని బయల్దేరండి.

ప్రైవేటుకి వెళితే గోడ మీద చూడండి. గర్భస్రావం చేసే ప్రైవేటు ఆసుపత్రి అనుమతి పత్రాన్ని అందరికీ కనబడేలా పెట్టాలి. అది లేని చోట అబార్షన్ చేయించుకోవద్దు.

ఒక మాట దగ్గర చాలామంది మోసపోతున్నారు. చట్టంలో ఉన్న "రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్" అంటే ఎంబీబీఎస్ చదివి, ఈ పనిలో అర్హతో శిక్షణో ఉన్న డాక్టర్. మన ఊళ్లలో ఆర్ఎంపీ అని పిలిచే ఆయన కాదు. పొట్టి పేరు ఒకటే అయినంత మాత్రాన ఆయనకు ఆ అధికారం రాదు. జ్వరానికి ఆయన దగ్గరికి వెళ్లే అలవాటుతో దీనికీ వెళ్లకండి.

తీసుకెళ్లాల్సినవి:

- చివరి నెలసరి తేదీ రాసిన కాగితం
- పాత కాన్పుల చీటీలు, ముఖ్యంగా సిజేరియన్ అయి ఉంటే
- వాడుతున్న మందుల పట్టీలు (బీపీ, ఆయాసం, మూర్ఛ, గుండె, రక్తం పలచబరిచే మందులు)
- వయసు రుజువు
- తోడుగా ఒక మనిషి

అడిగి చేయించుకోవాల్సిన పరీక్షలు మూడు. మొదటిది స్కానింగ్. గర్భం గర్భసంచిలోనే ఉందా, ట్యూబులో ఉందా తేలేది దీంతోనే. మరీ తొందరగా వెళితే ఏమీ కనబడక రెండోసారి రమ్మంటారు. ఆరో వారం దాటాక అయితే ఒకేసారితో తేలిపోతుంది. ఒకవైపు పొత్తికడుపు పోటు, భుజం నొప్పి, కళ్లు తిరగడం, మచ్చలు మచ్చలుగా రక్తం ఉంటే మాత్రం ఆరో వారం కోసం ఆగకండి. ట్యూబులో గర్భం పగిలితే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది.

రెండోది హిమోగ్లోబిన్. మన దగ్గర రక్తం తక్కువున్న ఆడవాళ్లు ఎక్కువ. 8 గ్రాముల లోపు ఉంటే మాత్రలతో గర్భస్రావం ప్రమాదం.

మూడోది బ్లడ్ గ్రూపు. నెగెటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమేమో డాక్టర్‌ని అడగండి. దాన్ని గర్భస్రావమైన 72 గంటల లోపు వేస్తారు. వదిలేస్తే తర్వాతి గర్భంలో బిడ్డకు ఇబ్బంది రావచ్చు.

స్కానింగ్‌లో ఆడా మగా అని అడగొద్దు, ఇంట్లోవాళ్లను అడగనివ్వొద్దు. 1994 చట్టం ప్రకారం చెప్పినవాళ్లకీ అడిగినవాళ్లకీ జైలు.

## 4. నిర్ణయం

స్కానింగ్ చీటీ చేతికొచ్చాక వారాలు తెలుస్తాయి. ఆరో వారంలో ఉన్నారంటే రెండు మూడు రోజులు ఆలోచించుకునే వ్యవధి నిజంగానే ఉంది. ఎనిమిదిన్నర వారాలంటే ఆ వ్యవధి తక్కువ. ముందు ఆ సంఖ్య చూడండి, తర్వాత కూర్చోండి.

ఒంటరిగా, ఒక కాగితం పెట్టుకుని వీటికి జవాబులు రాయండి. మనసులో అనుకోవడం వేరు, రాసి చూసుకోవడం వేరు.

- ఎవరూ ఏమీ అనరని తెలిస్తే నేనేం చేస్తాను?
- వచ్చే ఏడాది ఈ నెలలో చంకలో బిడ్డతో నా రోజు ఎలా గడుస్తుంది? పనికి వెళ్లే వేళ బిడ్డను ఎవరు చూస్తారు?
- చిన్నబిడ్డకు ఇంకా ఏడాది నిండలేదా? పోయిన కాన్పు సిజేరియనా? మళ్లీ కాన్పుకి నా ఒళ్లు తట్టుకుంటుందని డాక్టర్ అన్నారా?
- నెలకు వచ్చేదెంత, అప్పెంత, వడ్డీ ఎంత?
- ఆయన నిజంగా ఏమన్నారు? ఆయన అంటారని నేను అనుకుంటున్నదేంటి? ఈ రెండూ ఒకటేనా?
- ఈ నిర్ణయంలో నన్ను ఎవరైనా బెదిరిస్తున్నారా?

రాసిన కాగితాన్ని మర్నాడు మళ్లీ చదవండి. రెండు రోజులూ ఒకే జవాబు వస్తే అదే మీ మాట. రోజుకో రకంగా వస్తుంటే ఒక్కరితో మాట్లాడండి. ఒక్కరే. అమ్మో, అక్కో, నోరు జారని స్నేహితురాలో, ఆసుపత్రిలోని కౌన్సిలరో. పదిమందిని అడిగితే పది తీర్పులొస్తాయి, వారం గడిచిపోతుంది.

పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి గర్భస్రావం చేయాలంటే చట్టం అడిగే సంతకం (సి ఫారం అనే సమ్మతి పత్రం మీద) ఆమెది ఒక్కటే. భర్తది అక్కర్లేదు, అత్తగారిది అక్కర్లేదు. భర్త సంతకం లేనిదే చేయం అంటే "సి ఫారంలో నా సంతకం చాలు కదా మేడం" అని నెమ్మదిగా అడగండి. అలాగే, మీకిష్టం లేకుండా ఎవరూ మీకు అబార్షన్ చేయించలేరు. డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడాలని అడిగి, ఇష్టం లేదని చెప్పండి.

ఇంట్లో కొడుతున్నా బెదిరిస్తున్నా 181కి చేయండి. చచ్చిపోవాలనిపిస్తే ఆ మాట ఎవరికో ఒకరికి వెంటనే చెప్పండి. 14416 నంబరులో తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు, డబ్బు కట్టక్కర్లేదు.

## 5. ఉంచుకోవాలనుకుంటే

నిర్ణయం అయిన రోజే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి. 12 వారాల లోపు ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకుని తల్లీబిడ్డల కార్డు తీసుకోండి. పెళ్లి కాలేదని కార్డు ఇవ్వకుండా ఉండరాదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలుంటాయి. మొదటి బిడ్డకు ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద రెండు విడతల్లో 5,000 రూపాయలు వస్తాయి. ఆధార్‌కు లింకైన బ్యాంకు ఖాతా లేక చాలామంది దీన్ని పోగొట్టుకుంటున్నారు, ముందే సరిచూసుకోండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం ఉచితం.

తెలియక ముందు వేసుకున్న మందుల సంగతి దాచకండి. ముఖ్యంగా అబార్షన్ మాత్రలు వేసుకుని, అవి పనిచేయక, సరే ఉంచుకుందాం అనుకుంటే బిడ్డకు అవకరాలు వచ్చే ప్రమాదం ఉంది. ముందు డాక్టర్‌కి చెప్పి, తర్వాతే తేల్చుకోండి.

## 6. కని, దత్తతకు ఇవ్వాలనుకుంటే

వారాలు దాటిపోయినవాళ్లకు, తీయించుకోవడం ఇష్టం లేనివాళ్లకు ఇదొక దారి. కాన్పయ్యాక జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగిస్తున్నట్టు పత్రం రాసిస్తారు. అంతకుముందు మీతో మాట్లాడి, మీ ఇష్టంతోనే ఇస్తున్నారా అని తెలుసుకుంటారు. రాసిచ్చాక కూడా మనసు మారితే వెనక్కి తీసుకోవడానికి రెండు నెలల గడువుంది. పేరు బయటపెట్టరు. దారి అడగడానికి 1098.

ఆసుపత్రి వరండాలో "పిల్లల్లేని మంచి కుటుంబం ఉంది, ఖర్చులిస్తారు" అని దగ్గరికొచ్చేవాళ్లను నమ్మకండి. డబ్బు చేతులు మారితే అది బిడ్డను అమ్మినట్టే, ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ జైలుకెళతారు.

## 7. తీయించుకోవాలనుకుంటే

### చట్టం ఏమంటుంది

1971 నాటి చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. గర్భనిరోధకం విఫలమైందన్నది సరైన కారణమే. సవరణ తర్వాత ఆ నిబంధనలో "భర్త" బదులు "భాగస్వామి" అని ఉంది. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. అత్యాచారానికి గురైనవాళ్లు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయిన లేదా విడాకులైన స్త్రీలు, వికలాంగులు వంటివారికి ఇది వర్తిస్తుంది. పెళ్లికాని స్త్రీలకూ ఇదే హక్కుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తీర్పిచ్చింది. మీ వివరాలు బయటపెట్టిన డాక్టర్‌కి ఏడాది దాకా జైలు పడవచ్చు.

అమ్మాయికి పద్దెనిమిది నిండకపోతే సంరక్షకుల సంతకం కావాలి. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం ప్రకారం డాక్టర్ పోలీసులకు తెలపాలి. అయితే అమ్మాయీ, సంరక్షకులూ కోరితే ఆ సమాచారంలో పేరు, గుర్తులు రాయక్కర్లేదని అదే తీర్పు చెప్పింది. పోలీసు భయంతో నాటుమందు దగ్గరికి తీసుకెళ్లేకన్నా ఈ సంగతి తెలుసుకుని పెద్దాసుపత్రికి రావడం మేలు.

### మాత్రలు, 9 వారాల దాకా

మొదటి రోజు ఒక మాత్ర. గర్భం ఎదగడం ఆగుతుంది. ఆ రోజు చాలామందికి ఏమీ అనిపించదు. పనిచేయలేదనుకుని ఇంకోటి మింగకండి.

36 నుంచి 48 గంటల తర్వాత రెండో మందు. దీని మోతాదు వారాలను బట్టి మారుతుంది, షాపతను చెప్పింది కాదు, డాక్టర్ రాసిందే వాడండి. గర్భసంచి ముడుచుకుని లోపలున్నది బయటికొస్తుంది. వేసుకున్న నాలుగు గంటల్లోపే ఎక్కువమందికి నొప్పి, రక్తం మొదలవుతాయి. కాబట్టి ఇది బస్సెక్కేముందో, పొగాకు గ్రేడింగుకో రొయ్యల షెడ్డుకో వెళ్లేముందో వేసుకునే మాత్ర కాదు. రెండు రోజులు పని మానుకుని, బాత్రూము దగ్గరున్న ఇంట్లో, తోడు మనిషి ఉన్నప్పుడు ఉదయం పూట వేసుకోండి. ఏదైనా జరిగితే పగలు బండి దొరుకుతుంది.

ముందే దగ్గర పెట్టుకోవాల్సినవి:

- పెద్ద ప్యాడ్లు రెండు ప్యాకెట్లు. లోపల పెట్టుకునే కప్పు వద్దు, రక్తం ఎంత పోతోందో ప్యాడ్ మీదే తెలుస్తుంది
- డాక్టర్ రాసిన నొప్పి మాత్రలు, నొప్పి ముదరక ముందే మొదలుపెట్టేందుకు
- వేడినీళ్ల సంచి, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు
- గడియారం, కాగితం, పెన్ను. ప్యాడ్ మార్చిన ప్రతిసారీ టైము రాయండి
- 108కి చేయడానికి ఛార్జింగ్ ఉన్న ఫోను

చలి, వణుకు, వాంతి, విరేచనాలు, కాస్త జ్వరం కొన్ని గంటలు ఉండి తగ్గుతాయి. నెలసరి కన్నా ఎక్కువగా, గడ్డలు గడ్డలుగా పోవడం మామూలే. ఆ తర్వాత తగ్గి, వారం పది రోజులు, కొందరికి రెండు వారాలు కనబడుతుంది. మాత్ర వేసుకున్న వెంటనే వాంతయితే డాక్టర్‌కి ఫోన్ చేయండి, సొంతంగా మళ్లీ వేసుకోకండి.

పదిహేనో రోజు చూపించుకోవడం మానేయకండి. రక్తం పోయింది కదా అయిపోయింది అనుకుంటారు. లోపల ముక్క మిగిలిపోయినా, గర్భం ఆగకుండా పెరుగుతున్నా మొదట రక్తం పోతుంది. ఇంట్లో మూత్రపరీక్షతో చూసుకుందామంటే అది నాలుగు వారాల దాకా ఉన్నట్టే చూపవచ్చు.

ట్యూబు గర్భం, లోపల కాపర్-టి, తీవ్రమైన రక్తహీనత, రక్తం గడ్డకట్టని జబ్బు, ఎప్పటినుంచో స్టిరాయిడ్ మందులు వాడటం: వీటిలో ఏదున్నా మాత్రలు పనికిరావు. సిజేరియన్ అయినవాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి.

### వాక్యూమ్, 12 వారాల దాకా

చేత్తో పనిచేసే సిరంజితో గర్భసంచి ఖాళీ చేస్తారు. పది పదిహేను నిమిషాల పని, ఎక్కువమంది అదే రోజు ఇంటికెళతారు. మా ఉద్దేశంలో గిద్దలూరు వైపులా దూరం నుంచి వచ్చేవాళ్లకు, ఇంట్లో రెండు రోజులు నొప్పిని దాచలేనివాళ్లకు మాత్రల కన్నా ఇదే నయం. ఒక్క రోజులో అయిపోతుంది, పూర్తయిందో లేదో అక్కడే తెలుస్తుంది. "డి అండ్ సి" అని గోకే పాత పద్ధతి చెబితే, వాక్యూమ్ ఉందా అని అడగండి.

12 వారాలు దాటితే ఆసుపత్రిలో చేరి చేయించుకోవాల్సిందే.

ఉద్యోగినులకు ఒక మాట. చట్ట ప్రకారం ప్రసూతి ప్రయోజనాలు వర్తించే చోట గర్భస్రావం తర్వాత ఆరు వారాల జీతంతో కూడిన సెలవుంది.

## 8. వీటిలో ఒక్కటి కనబడినా 108

- గంటకు రెండు పెద్ద ప్యాడ్లు పూర్తిగా తడిసిపోవడం, అలా వరసగా రెండు గంటలు
- 100.4 దాటిన జ్వరం, మాత్ర వేసుకున్న 24 గంటల తర్వాత కూడా
- దుర్వాసనతో తెల్లబట్ట లేదా చీము
- మాత్రలకు తగ్గని పొత్తికడుపు నొప్పి, భుజం నొప్పి
- కళ్లు తిరిగి పడిపోవడం, ఒళ్లు చల్లబడటం

రెండో మందు వేసుకుని 24 గంటలైనా రక్తమే రాకపోతే 108 అక్కర్లేదు, కానీ అదే రోజు డాక్టర్‌ని కలవాలి. ట్యూబు గర్భం అనుమానం అప్పుడే వస్తుంది.

ఆసుపత్రిలో ఏం మింగారో, ఎప్పుడు మింగారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఎవరైనా లోపల పుల్ల పెట్టి ఉంటే అదీ చెప్పండి. వైద్యం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

## 9. తరచూ జరిగే పొరపాట్లు

బొప్పాయి, అనాస, నువ్వులు బెల్లం. వీటిని నమ్ముకుని మూడు వారాలు పోగొట్టుకుంటారు. ఆరో వారంలో తేలిగ్గా అయ్యేది తొమ్మిది దాటిపోతుంది.

సగం కిట్టు. మొదటి మాత్ర వేసుకుని, భయపడి రెండోది మానేయడం. గర్భం సగంలో నిలిచి రక్తస్రావం కావచ్చు. మనసు మారితే మారనివ్వండి, కానీ వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

"తొలి కడుపు తీయిస్తే మళ్లీ పిల్లలు పుట్టరు." సరైన చోట, సరైన పద్ధతిలో చేసిన గర్భస్రావంతో సంతానం పోదు. ఇన్ఫెక్షన్ ముదరబెట్టుకుంటే ట్యూబులు మూసుకుపోవచ్చు. జ్వరాన్ని తేలిగ్గా తీసుకోవద్దన్నది అందుకే.

## 10. ఆ తర్వాత

గర్భస్రావమైన రెండు వారాలకే మళ్లీ గర్భం రావచ్చు, నెలసరి కోసం చూస్తూ కూర్చుంటే ఆలస్యమవుతుంది. వాక్యూమ్ అయితే అదే బల్ల మీద కాపర్-టి వేయించుకోవచ్చు. మాత్రలతో అయితే పదిహేనో రోజు, అంతా పోయిందని తేలాక వేస్తారు. "అంతర" సూది మూడు నెలలకోసారి. "ఛాయ" మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. ఇవన్నీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

రక్తం ఆగేదాకా కలవకండి, లోపల ఏమీ పెట్టుకోకండి. ఐరన్ మాత్రలు భోజనం అయ్యాక నిమ్మరసంతో వేసుకోండి, టీతో వద్దు. ఏడుపొస్తే ఏడవండి. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, అన్నం సయించక, దేని మీదా మనసు పోకపోతే పదిహేనో రోజు డాక్టర్‌ని కలిసినప్పుడు అదీ చెప్పండి.